మల్టీమీటరును కడపలో నిషేధించాలి

కడప పట్టణ సామాజిక జీవనానికి ఇటీవల ఒక ముప్పు వచ్చిపడింది. వెల నాలుగైదు వందలు. పసుపు రంగు తొడుగు, ఒక ఎర్ర తీగ, ఒక నల్ల తీగ. ఎలక్ట్రికల్ సామాన్ల అంగడిలో ఎవరు అడిగినా, ఎందుకని కూడా అడక్కుండా చేతిలో పెట్టేస్తున్నారు. పేరు మల్టీమీటరు, వోల్టులూ ఆంపియర్లూ కొలిచే పరికరం. దీన్ని వెంటనే నిషేధించాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాం.

పాత మారుతి 800 వీధిలో మొరాయిస్తే ఏం జరగాలో మనకు బాగా తెలుసు. బానెట్ లేస్తుంది. టీ చల్లారే లోపు సభ కూడుతుంది. రిటైరైన పెద్దాయన ఒకరు, ట్రాలీ ఆటో నడిపే అబ్బి ఒకడు, కువైట్‌లో డ్రైవరుగా చేసి వచ్చిన మామ ఒకాయన, ఏమీ మాట్లాడకుండా టైరును కాలితో తన్ని చూసే మనిషి ఒకడు. కోరం నిండినట్టే. "బ్యాటరీ పోయింది బా" అంటారు పెద్దాయన. "యాడ పోయింది, ప్లగ్గులు మార్చాల" అంటాడు ఆటో అబ్బి. "కార్బొరేటర్ దించాల్సిందే" అని మామ తేల్చేస్తాడు. సాయంత్రానికి మూడు తీర్పులూ అమలవుతాయి. మర్నాడు బండి మళ్లీ మొరాయిస్తుంది, సభ మళ్లీ కూడుతుంది. ఇరుగుపొరుగు ఇంత సఖ్యంగా ఉండే సందర్భం పెళ్లిళ్లలో కూడా కనపడదు.

ఇప్పుడేమైంది? ఎవడో కుర్రాడు బ్యాటరీ మీద రెండు తీగలు పెట్టి ఒక అంకె చదువుతాడు. సభ రద్దయిపోతుంది. అందరి అనుభవాలూ కలిపితే రెండు వందల ఏళ్లుంటుంది, దాన్నంతా ఒక అంకెతో కొట్టిపారేయడం ఏ మర్యాద?

శత్రువు పద్ధతులు తెలియకుండా పోరాడలేం. అందుకే ఈ కుర్రాళ్లు చాటుగా చేసేదేమిటో ఇక్కడ బయటపెడుతున్నాం. చదివేవాళ్లు ఆచరించకూడదు.

రాత్రంతా ఆపి ఉంచిన బండికి, తాళం తిప్పకముందే, మీటరును డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి బ్యాటరీని చూస్తారు. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 ముప్పావు, 12.2 సగం. పన్నెండుకు దిగితే ఛార్జింగ్ పెడతారు. తర్వాత ఒకరిని సెల్ఫ్ కొట్టమని అంకెను చూస్తారు. నిండు ఛార్జి ఉండి కూడా 9.6 కంటే కిందికి పడితేనే బ్యాటరీ బలహీనపడిందని ఒప్పుకుంటారు. ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే ఆల్టర్నేటర్ ఛార్జి చేస్తోందని లెక్క. పన్నెండున్నర దగ్గరే నిలబడితే ముందు బెల్టు బిగువు చూస్తారు, ఆ తర్వాతే ఆల్టర్నేటర్ జోలికి వెళతారు. పదిహేను దాటితే రెగ్యులేటర్ పోయినట్టే, అది బ్యాటరీలో నీళ్లను ఉడికించేస్తుంది. మన సభ సంప్రదాయం ప్రకారం ఇంత గొడవ లేదు: మొదట కొత్త బ్యాటరీ కొనాలి. ఆల్టర్నేటర్ పనిచేయని బండిలో ఆ కొత్తదీ వారం తిరక్కుండానే పడుకుంటుంది, అప్పుడు అంగడివాణ్ని తిట్టాలి.

ఇంతకంటే దారుణం ఇంకొకటుంది. ఎర్ర తీగను టెర్మినల్ క్లాంపు మీద కాకుండా బ్యాటరీ సీసం గుబ్బ మీదే ఆనిస్తారు, నల్ల తీగను క్లాంపుకు ఆనిస్తారు, సెల్ఫ్ కొట్టిస్తారు. అక్కడ దాదాపు సున్నా రావాలి. 0.2 వోల్టు దాటితే ఆ రెంటి మధ్య కంటికి కనిపించని చిలుము ఉన్నట్టు. తర్వాత నెగటివ్ గుబ్బ నుంచి ఇంజిన్ బ్లాకు దాకా ఇదే పని. 0.3 దాటితే ఎర్తింగ్ తీగ కుళ్లిందని తీర్పు. పాత కార్లలో 'సెల్ఫ్ పడట్లేదు' కేసులు చాలావాటికి మూలం ఈ ఎర్తింగ్ తీగే. ఒక స్పానరు, ఒక ముక్క ఎమరీ కాగితంతో పని అయిపోతుంది. వేలు పోసి కొనాల్సిన బ్యాటరీ అంగడిలోనే ఉండిపోతుంది. స్థానిక వాణిజ్యానికి ఇది ఎంత నష్టమో చాంబర్ ఆఫ్ కామర్స్ వాళ్లు ఆలోచించాలి.

టెర్మినల్ మీద తెల్లగా, పచ్చగా పూసే దాన్ని గ్లాసు నీళ్లలో చెంచాడు వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దుతారు. ఆ నీళ్లు సెల్ మూతల్లోంచి లోపలికి పోకుండా చూసుకుంటారు. కడిగి, ఆరబెట్టి, బిగించాక పైన వాసెలిన్ పూస్తారు. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర. తిరగేసి చేస్తే పాజిటివ్ నట్టు తిప్పే స్పానరు బాడీకి తగిలి మిరుమిట్లు గొలుపుతుంది. సభకు మాత్రం ఆ మిరుమిట్లే ఇష్టం.

రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోయే బండి విషయంలో సభకు ఒక సిద్ధాంతముంది: "బండికి దిష్టి తగిలింది." నిమ్మకాయలు కడితే తగ్గుతుంది. కుర్రాళ్లేమో అన్నీ ఆపేసి, నెగటివ్ తీగ విప్పి, మీటరును 10 ఆంపియర్ల దగ్గర పెట్టి, గుబ్బకూ తీగకూ మధ్య కలుపుతారు. 50 మిల్లీ ఆంపియర్ల లోపుంటే మామూలే. అర ఆంపియర్ కనిపిస్తే 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ మూడు రోజుల్లో నేలకొరుగుతుంది. అప్పుడు ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ, ఏది పీకితే అంకె పడిపోతుందో ఆ లైనులో దొంగను పట్టుకుంటారు. ఎక్కువగా దొరికేది బయట బిగించిన పాటల పెట్టో, ఆరని డిక్కీ బల్బో. మీటరు అలా కలిపి ఉండగా మాత్రం సెల్ఫ్ కొట్టరు. సెల్ఫ్ మోటారు లాగేది వంద ఆంపియర్ల పైమాటే, మీటరులోని ఫ్యూజు పేలిపోతుంది, లేదా మీటరే కాలిపోతుంది. నిషేధానికి ప్రభుత్వం జాప్యం చేస్తే సభ సభ్యులు ఈ ఒక్క పని చేయించినా చాలు.

పూర్తి నిషేధం కుదరదంటే ఒక సవరణకు ఒప్పుకుంటాం. లోపలి 9 వోల్టుల సెల్ నీరసించిన మీటర్లను ఇళ్లలో ఉంచుకోవచ్చు. అవి ఉన్న వోల్టేజి కంటే ఎక్కువ చూపిస్తాయి, చచ్చిన బ్యాటరీని కూడా బతికే ఉందంటాయి. వాటితో సభకు పేచీ లేదు.

ఇక వేడి. మే నెలలో 44, 45 డిగ్రీలు చూసే ఊరికి థర్మోస్టాట్, అంటే ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వు, ఎందుకన్నది సభ అడిగే మౌలికమైన ప్రశ్న. "అది చలిదేశాల వాళ్లకు అబ్బీ, పీకేయ్." ఎన్నో ఇంజిన్లలో దాని చోటు ఖాళీగా ఉంది. ఇంజిన్‌కు కడప ఎండతో నిమిత్తం లేదని, బయట ఇరవై ఉన్నా నలభై అయిదు ఉన్నా లోపల తనకు కావాల్సింది ఎనభై పైనేనని ఈ కుర్రాళ్ల వాదన. చాలా పాత కార్లలో థర్మోస్టాట్ 82 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. పీకేస్తే ఇంజిన్ వేడెక్కడానికి చాలా దూరం పడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు అరుగుతాయి. కొన్ని ఇంజిన్లలో అయితే నీళ్లు రేడియేటర్‌కు పోకుండా బైపాస్ దారిలోనే తిరిగి ఇంకా హీటవుతుంది. పీకిందాన్ని పారేయకుండా, దారం కట్టి, వంటింట్లో గిన్నెలో నీళ్ల మధ్య అడుగుకు తగలకుండా వేలాడదీసి, థర్మామీటరు పెట్టి మరిగిస్తే తెరుచుకుంటోందో లేదో తేలిపోతుందట. ఆ గిన్నె తర్వాత టీకి పనికొస్తుందా అన్న ప్రశ్నకు కుర్రాళ్ల దగ్గర జవాబు లేదు. కాబట్టి ఇది సంసారాలు కూల్చే పద్ధతి అని మా అభిప్రాయం.

రేడియేటర్ మూత సంగతి ఇంకా సున్నితం. సభకు అది బిందె మీది మూతతో సమానం. నిజానికి అది ఒక వాల్వు. దాని మీద 0.9 అని ఉంటే 0.9 బార్ ఒత్తిడిని నిలబెడుతుందని అర్థం. ఆ ఒత్తిడిలో మామూలు నీళ్లు కూడా 118 డిగ్రీల దాకా మరగవు. మూత కింది రబ్బరు చీలితే ఒత్తిడి నిలవదు, నీళ్లు నూరుకే పొంగి పక్క సీసాలోకి పోతాయి, వెనక్కి రావు. మూతకయ్యే ఖర్చు రెండు ప్లేట్ల బిర్యానీ డబ్బులు. సభ తీర్పు: కొత్త రేడియేటర్. వేడిగా ఉన్నప్పుడే మూత తెరిచి చూపించే సాహసి ప్రతి సభలో ఒకడుంటాడు, అతని ముంజేతిని చూస్తే అనుభవం ఎన్నేళ్లదో తెలుస్తుంది. పై గొట్టాన్ని చేత్తో హాయిగా పట్టుకోగలిగేంత చల్లారాకే మూత తిప్పాలన్నది పిరికివాళ్ల నియమం.

ఫ్యాను తిరగట్లేదా? రేడియేటర్ కింద స్విచ్ నుంచి వచ్చే రెండు వైర్ల సాకెట్టు పీకి, తాళం ఆన్‌లో పెట్టి, చిన్న వైరు ముక్కతో రెంటినీ కలుపుతారు. ఫ్యాను తిరిగితే స్విచ్ పోయినట్టు, తిరక్కపోతే ఫ్యూజు, రిలే, మోటారు వరసగా చూడాలి. చేతులు రెక్కలకు దూరంగా ఉంచాలి. ఇందులో చర్చకు తావే లేదు. అందుకే మాకిది నచ్చదు.

బోరు నీళ్ల గురించి ఒక మాట. మన బోరు నీళ్లలో ఉండే సున్నం కెటిల్‌లో గట్టిగా పట్టడం అందరూ చూసిందే. రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ అదే పడుతుంది, కాకపోతే కనపడదు. కారుతుంటే పిడికెడు పసుపు వేయాలన్నది సభ ఆయుర్వేదం. పసుపు నిజంగానే కారడం ఆపుతుంది. ఏ గొట్టాన్ని మూయాలో, ఏది మూయకూడదో పసుపుకు తెలియదు, అంతే. కూలెంట్‌ను డబ్బా మీద రాసిన పాళ్లలో, సాధారణంగా మూడో వంతు నుంచి సగం దాకా, డిస్టిల్డ్ వాటర్‌తో కలపాలని కుర్రాళ్లంటారు. ఆయిల్ మూత లోపల మీగడలాంటిది కనిపించినా, చల్లటి ఇంజిన్‌కు రేడియేటర్ మూత తెరిచి, స్టార్ట్ చేసి చూస్తే నీళ్లలో బుడగలు ఆగకుండా వచ్చినా, ఇంజిన్ బ్లాకుకూ పైన హెడ్డుకూ మధ్య ఉండే హెడ్ గాస్కెట్‌ను అనుమానిస్తారు. అది ఇంట్లో పని కాదని వాళ్లే ఒప్పుకుంటారు.

ఇంజిన్ తడబడే మిస్సింగ్ విషయంలో సభ శక్తిసామర్థ్యాలు శిఖరానికి చేరతాయి. ఎవరి జేబులోంచో స్క్రూడ్రైవర్ వస్తుంది, కార్బొరేటర్ మీద కనిపించిన ప్రతి స్క్రూనూ తిప్పుతుంది. ముందు ఎన్ని చుట్లు తెరిచి ఉందో లెక్కపెట్టుకుని, రాసుకుని, ఆ తర్వాత పావు చుట్టు చొప్పున కదిలించాలన్న వాళ్లను మేము గుమస్తాలంటాం. వాళ్లు కార్బొరేటర్ కంటే ముందు ప్లగ్గు విప్పుతారు. మూతి గోధుమ రంగులో ఉంటే బాగున్నట్టు, పొడి మసి పడితే పెట్రోలు ఎక్కువ, నూనె తడి ఉంటే రింగులో వాల్వు సీళ్లో, తెల్లగా కాలితే మిశ్రమం పల్చన. ప్లగ్గుకు నిప్పురవ్వ పుట్టించేందుకు కరెంటు తెంచే పాయింట్లున్న పాత బండికి ప్లగ్గు సందు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు, పాయింట్ల సందు 0.4 నుంచి 0.5, రెండూ సందు కొలిచే సన్న రేకుల ఫీలర్ గేజితో. సభ గేజి అయితే బొటనవేలి గోరు. కార్బొరేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే సన్న జెట్టులో ఇనుప తీగ దూర్చి శుభ్రం చేయడం సభ కళ. ఇత్తడి రంధ్రం ఒక్కసారి పెద్దదైతే ఆ బండి జీవితాంతం పెట్రోలు బంకు యజమానికి ఆత్మబంధువు. కుర్రాళ్లు క్లీనర్ స్ప్రే, గాలి మాత్రమే వాడతారు.

2025 నాటికి బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే మామూలైపోయింది. పాత రబ్బరు గొట్టాలు దానికి ఉబ్బుతాయి, పగులుతాయి. గొట్టాన్ని వంచి చూసి పగుళ్లుంటే ఇథనాల్‌ను తట్టుకునే ఫ్యూయెల్ గొట్టం వేయాలి, క్లిప్పులూ కొత్తవే వేయాలి. సబ్బు అద్దిన గుడ్డ చుట్టి సర్దుకోవడం ఆర్థికంగా లాభమే, మంటలార్పేవాళ్లు దగ్గర్లో ఉంటే.

బ్రేకుల దగ్గర మాత్రం సభ కాస్త తగ్గి మాట్లాడుతుంది. కారణం కడప–రాయచోటి దారిలోని గువ్వలచెరువు ఘాటు. పాలకోవా కొనుక్కుని దిగేటప్పుడు పెడలు మెత్తబడితే వాదించడానికి వ్యవధి ఉండదు. బ్రేక్ ఆయిల్ గాల్లోని తడిని పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 ఆయిల్ 205 డిగ్రీల దాకా మరగదు. తడి చేరాక ప్రమాణం ప్రకారం 140కే మరగొచ్చు. మరిగితే ఆవిరి, ఆవిరి అయితే పెడలు నేలకు. అందుకే రెండేళ్లకోసారి మార్చమంటారు. పెడలు నుంచి ఒత్తిడి పంపే మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టి, బ్రేకు దగ్గర గాలి వదిలే నిపుల్‌కు పారదర్శకమైన గొట్టం తగిలించి, రెండో కొసను కాస్త ఆయిలున్న సీసాలో ముంచుతారు. లోపల కూర్చున్న వాళ్లు తొక్కి పట్టుకోవాలి, బయటివాళ్లు నిపుల్ వదులు చేసి, బుడగలు పోయాక బిగించాలి, అప్పుడు మాత్రమే కాలు తీయాలి. 'తీయ్' అనకముందే తీస్తే గాలి మళ్లీ లోపలికే. లోపల కూర్చునేది భార్య అయితే 'తొక్కు', 'పట్టుకో', 'తీయ్' అనే మూడు మాటలనూ 'అండీ' చేర్చి పలకడం క్షేమం. పైన డబ్బా ఖాళీ కానివ్వకూడదు, ఇంజిన్ ఆయిల్ పొరపాటున చెంచాడు పడినా లోపలి రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి.

చివరిగా సభ ఏకగ్రీవంగా ఆమోదించిన తీర్మానం. జాకీ ఎత్తి కిందకు దూరేటప్పుడు బండికి ఆనుడుగా స్థానిక నాపరాయినే వాడాలట. సగం దేశానికి గచ్చు మనమే పరిచాం కదా, మన బండకు లేని బలం ఆ ఇనుప స్టాండుకు ఎక్కడిదని ప్రశ్న. నాపరాయి పొరలు పొరలుగా ఉంటుంది, అంచు మీద బరువు పడితే హెచ్చరిక లేకుండా పలకలై విడిపోతుంది. ఇటుక మరీ అన్యాయం, పగిలాకే చప్పుడు చేస్తుంది. అందుకే కుర్రాళ్లు గట్టి సమతల నేల మీద, నేలమీదున్న చక్రాలకు చెక్క ముక్కలు అడ్డంపెట్టి, జాకీ స్టాండ్ల మీద బండిని దించి, ఒకసారి గట్టిగా ఊపి చూసి కిందకు వెళుతున్నారు. తీర్మానంపై పెద్దాయన, ఆటో అబ్బి, కువైట్ మామ ముగ్గురూ సంతకాలు చేశారు. బండి కిందకు దూరి పనిచేసే మెకానిక్ సంతకం ఇంకా రావాల్సి ఉంది.