దర్గా వేరు, షరీఅత్ వేరు అనుకుంటే

బెంగళూరులో ద్రౌపదమ్మ పేరిట జరిగే హిందూ ఉత్సవం కరగ ఊరేగింపు కాటన్‌పేటలోని తవక్కల్ మస్తాన్ దర్గాకు వెళ్లిన వార్త రాగానే ఏటా మన తెలుగువాళ్లలో ఒకటే మాట: 'సూఫీలకు నియమాలు పట్టవు, ప్రేమే వాళ్ల మతం.' ఆ మాట మంచి మనసుతో అనేదే. కానీ తప్పు. షరీఅత్‌ను, అంటే ఇస్లాం మత నియమాలను, సూఫీలు పక్కనపెట్టలేదు.

పెనుకొండ బాబయ్య దర్గాలోనో, కడప పెద్ద దర్గాలోనో చక్కెర చదివింపులు చేయించుకునే అలవాటు మనకుంది. అక్కడ ముజావర్ (దర్గా సేవకుడు) చదివే ఫాతిహా ఖురాన్‌లో మొదటి అధ్యాయం. నమాజులో ప్రతి రకాత్‌లోనూ (ఆవృత్తిలోనూ) చదివేది అదే. మసీదును పక్కనపెట్టి దర్గాను మాత్రమే ఎలా మెచ్చుకుంటాం?

910లో మరణించిన తొలితరం సూఫీ గురువు జునైద్ బాగ్దాదీ తమ మార్గం ఖురాన్‌కూ ప్రవక్త ఆచరణకూ కట్టుబడిందని తేల్చి చెప్పారు. సూఫీ మార్గాన్ని సమర్థించిన గజాలీ (1058–1111) అయితే స్వయంగా షాఫియీ అనే ఇస్లామిక్ న్యాయశాస్త్ర శాఖలో పండితుడు. 1095లో బాగ్దాద్ నిజామియా విద్యాలయంలో పెద్ద పదవి వదిలి తిరిగారు గానీ నమాజు వదల్లేదు. శుద్ధిలో నాలుగు మెట్లున్నాయన్నారాయన: మొదటిది ఒంటి మురికి పోవడం, తర్వాత అవయవాలు పాపం మానడం, ఆపై మనసులోని చెడు గుణాలు కడుక్కోవడం, చివరగా దేవుడు తప్ప మరేదీ లోపల మిగలకపోవడం. మొదటి మెట్టు దగ్గరే ఆగి, గర్వం, అసూయ లోపల పెట్టుకుని నీళ్ల గురించి తెగ టెన్షన్ పడేవాళ్లను గట్టిగానే మందలించారు. అలాగని వజూ (నమాజుకు ముందు కాళ్లూ చేతులూ ముఖం కడుక్కోవడం) మానేయమనలేదు.

ఖవ్వాలీకీ షరతులున్నాయి. సమయం, చోటు, పక్కన కూర్చున్న మనుషులు సరైనవి కాకపోతే సమా (భక్తి సంగీతం వినడం) వద్దని సూఫీ గురువులే అన్నారు. నక్ష్‌బందీ అనే సూఫీ శాఖవాళ్లు చాలావరకు దాని జోలికే పోలేదు, వాళ్లది మౌన జిక్ర్ (దైవ స్మరణ).

దర్గా అంటేనే షిర్క్ (దేవుడికి మరొకరిని సాటి కల్పించడం) అని కొట్టిపారేసేవాళ్లూ ఇదే పొరపాటు చేస్తున్నారు. దర్గాలనూ వలీలనూ (పుణ్యపురుషులనూ) గట్టిగా సమర్థించిన అహ్మద్ రజా ఖాన్ బరేల్వీ (1856–1921), గౌరవంతోనైనా సరే దేవుడికి తప్ప ఎవరికీ సజ్దా (సాష్టాంగం) చేయడం హరామ్ (నిషిద్ధం) అంటూ ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశారు. సమాధి ముందు నుదురు నేలకు ఆనించే భక్తుణ్ణి చూపించి సూఫీ మార్గాన్నే తప్పుపట్టేవాళ్లు ముందు ఆయన వాదనకు జవాబు చెప్పాలి.

922లో బాగ్దాద్‌లో, 'నేనే సత్యం' అన్న మాటతో పేరుపడ్డ సూఫీ హల్లాజ్‌కు మరణశిక్ష పడిన మాట నిజమే. కానీ ఆ ఒక్క కథతో పదమూడు వందల ఏళ్ల సంప్రదాయాన్ని కొలవడం, నాకు తెలిసి, సోమరితనం.