వాపు ఉండగా పన్ను పీకించకూడదని ఎవరు చెప్పారు మీకు?

ఈ నెలలో అదే మెసేజ్ నాకు నాలుగోసారి వచ్చింది. మొదట మా అపార్ట్‌మెంట్ గ్రూపులో, తర్వాత మా అమ్మాయి స్కూలు తల్లిదండ్రుల గ్రూపులో, ఆపైన ఇంటర్ స్నేహితుల గ్రూపులో, మొన్న రాత్రి మా పెద్దమ్మ దగ్గర్నుంచి. "పిల్లల పళ్ళు పీకించే ముందు తప్పక చదవండి. డాక్టర్లు చెప్పని 7 నిజాలు. పది మందికి పంపండి" అని మొదలవుతుంది. నేను పిల్లల పళ్ళ డాక్టర్‌ని. పద్నాలుగేళ్ళుగా ఇదే పని. మూడుసార్లు చూసి ఊరుకున్నాను. ఇక ఊరుకోలేను. ఆ ఏడింటిలో ఒకటి పిల్లల ప్రాణం మీదికి తెచ్చేది.

దాని దగ్గరికి వస్తాను. ముందు చిన్నవి తేల్చేస్తాను.

"పై కోరపన్ను పీకిస్తే చూపు పోతుంది." పోదు. మెదడు నుంచి నేరుగా వచ్చే నరాల్లో చూపు నరం రెండోది, పళ్ళకు వెళ్ళేది అయిదోది. పన్ను తీస్తే చూపు నరానికి ఏమీ కాదు. మా నాయనమ్మ కూడా ఇదే మాట అనేది. ఆవిడ కాలంలో పళ్ళు ఊడే వయసు, కళ్ళకు శుక్లాలు వచ్చే వయసు ఒకటే కాబట్టి అలా అనిపించి ఉంటుంది. ఆవిణ్ణి తప్పుపట్టను. ఫోన్‌లో క్షణంలో వెతికి చూడగలిగిన వాళ్ళు కూడా దీన్ని ఫార్వర్డ్ చేస్తుంటేనే బాధ.

"ఊడిన పాలపన్నును ఫ్రిజ్‌లో దాచండి, రేపు జబ్బు చేస్తే అందులోని స్టెమ్ సెల్స్ పనికొస్తాయి." పనికిరావు. స్టెమ్ సెల్స్ అంటే రకరకాల కణాలుగా మారగలిగే మూలకణాలు. ఊడిన పంటిలోని ఆ కణాలు బతకాలంటే వెంటనే ప్రత్యేకమైన ద్రవంలో వేసి ల్యాబ్‌కు పంపాలి. అక్కడ వాటిని ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించి ఉంచుతారు. ఫ్రిజ్‌లో డబ్బాలో పెట్టిన పన్ను ఎండిపోయిన పన్ను, అంతే. పేడలో పెట్టి ఇంటి కప్పు మీదకు విసరడమే నయం. పిల్లలకు ఆ సరదా అయినా ఉంటుంది.

"పంటిలో పురుగు ఉంటుంది, వాకుడు గింజల పొగ పడితే రాలిపోతుంది." పంటిలో పురుగు లేదు. నోట్లోని సూక్ష్మజీవులు తీపిని తిని ఆమ్లం తయారుచేస్తాయి, ఆ ఆమ్లం పంటిని కరిగిస్తుంది. పొగ పట్టాక పళ్ళెంలో కనిపించే తెల్లటి పోగులు వేడికి గింజల్లోంచి బయటపడినవి. పుచ్చులేని వాడి నోటికి పొగ పట్టినా అవే కనిపిస్తాయి. నాలుగేళ్ళ పిల్ల నోట్లోకి వేడి పొగ పంపితే బుగ్గ లోపల కాలుతుంది. దయచేసి ఆ పని చేయకండి.

"మత్తు సూదితో మెదడు మందగిస్తుంది, చదువు రాదు." పన్ను తీయడానికి మేం ఎక్కువగా వాడేది లిగ్నోకెయిన్. అది ఆ పన్ను చుట్టూ మాత్రమే తిమ్మిరెక్కిస్తుంది. పిల్లవాడు మెలకువగానే ఉంటాడు. ఎంత ఇవ్వాలన్నది బరువును బట్టి లెక్క, అందుకే ముందు బరువు అడుగుతాం. పిల్లవాణ్ణి పూర్తిగా నిద్రపుచ్చి చేసే పద్ధతి వేరే. అది హాస్పిటల్లో, మత్తు డాక్టర్ పక్కన ఉండగా, చాలా పళ్ళకు ఒకేసారి పని పడిన చిన్నపిల్లలకు చేస్తారు. మామూలు సూదికి భయపడాల్సింది మెదడు గురించి కాదు, పెదవి గురించి. తిమ్మిరి రెండు మూడు గంటలు ఉంటుంది. ఏదో వింతగా ఉందని పిల్లలు ఆ పెదవిని నములుతారు, నొప్పి తెలియదు. సాయంత్రానికి పెదవి వాచి పుండు పడుతుంది, తల్లిదండ్రులు ఇన్ఫెక్షన్ అనుకుని కంగారుపడి పరిగెత్తుకొస్తారు. తిమ్మిరి వదిలేదాకా తినడానికి ఏమీ పెట్టకండి, పక్కనే కూర్చోండి. ఈ ఒక్క ముక్క మెసేజ్‌లో రాసి ఉంటే ఎంత ఉపయోగపడేది!

"పాలపళ్ళకు వేర్లు ఉండవు, ఎలాగూ ఊడిపోయేవే, వాటికి వైద్యం దండగ." ఊడిన పన్నును చేతిలోకి తీసుకుంటే వేరు కనిపించదు, నిజమే. కింద నుంచి వచ్చే శాశ్వతమైన పన్ను ఆ వేరును కొద్దికొద్దిగా కరిగించింది కాబట్టి కనిపించదు. నాలుగేళ్ళ పిల్ల దవడ పన్ను ఎక్స్‌రేలో చూడండి, ఎంత పొడుగు వేర్లుంటాయో. ముందు పళ్ళు ఆరేడేళ్ళకే ఊడతాయి కానీ, దవడ పాలపళ్ళు పదేళ్ళు, కొందరికి పన్నెండేళ్ళ దాకా ఉండాలి. అయిదేళ్ళకే వెనక దవడ పన్ను పీకించి ఊరుకుంటే, దాని వెనక వచ్చే పెద్ద పన్ను ఆ ఖాళీలోకి జరిగిపోతుంది. ఖాళీ కింద ఉన్న పన్నుకు దారి ఉండదు, వంకరగా వస్తుంది, లేదా లోపలే ఇరుక్కుంటుంది. అందుకే పీకిన చోట స్పేస్ మెయింటెయినర్ అనే చిన్న స్టీల్ వైరు పెడతాం. పీకించేటప్పుడే దాని గురించి అడగండి.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. ఆరేళ్ళప్పుడు చివరి పాలపన్ను వెనక, ఏ పన్నూ ఊడకుండానే, ఒక కొత్త పన్ను వస్తుంది. ఏదీ ఊడలేదు కదా, ఇదీ పాలపన్నే అనుకుంటారు అందరూ. అది శాశ్వతమైనది, మళ్ళీ రాదు. "ఎలాగూ ఊడేదే కదా డాక్టర్, పీకేయండి" అని పుచ్చిపోయిన ఆ పన్నును చూపించిన తల్లిదండ్రులు నెలకు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కడుపులో తిప్పేస్తుంది. ముందు పళ్ళ మధ్య గీత దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్కపెట్టండి. అయిదు దాకా పాలపళ్ళ చోటు. ఆరోది కనిపిస్తే అది జీవితాంతం ఉండాల్సిన పన్ను.

ఇక అసలు విషయం. మెసేజ్‌లో నాలుగో పాయింటు మాట మాటగా ఇది: "దవడ వాచినప్పుడు పన్ను అస్సలు పీకించకూడదు. విషం ఒళ్ళంతా పాకుతుంది. వేడి కాపడం పెట్టి, మెడికల్ షాపులో యాంటీబయాటిక్ అడిగి, పంటి మీద ఆస్పిరిన్ ఉంచండి. వాపు తగ్గితే వైద్యం అక్కర్లేదు."

నాలుగు వాక్యాలు, ఒక్కటీ నిజం కాదు. రాసినవాళ్ళు ఎవరో నాకు తెలియదు. వాళ్ళు ఎప్పుడైనా చీము పట్టిన పిల్లవాడి ముఖం చూశారా?

నేను చూశాను. రెండేళ్ళ కిందట ఒక అయిదేళ్ళ బాబును తండ్రి భుజాన వేసుకుని తెచ్చాడు. పై దవడ పన్ను పుచ్చింది. ఎడమ బుగ్గ ఎర్రగా, గట్టిగా, కాలుతూ ఉంది. ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయింది. మూడు రోజులుగా జ్వరం, రెండు రోజులుగా అన్నం లేదు. మూడు రోజులూ ఏం చేశారని అడిగితే తల్లి ఏడుస్తూ ఫోన్ తీసి చూపించింది. ఇలాంటి మెసేజే. అందులో ఉన్నట్టే గుడ్డ వేడిచేసి గంటకోసారి బుగ్గ మీద కాపడం పెట్టింది. ఆ తల్లిది ఏం తప్పు? బిడ్డ మీద ప్రేమతో, నిద్ర లేకుండా చేసింది. బాబును అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి పంపాం. నరంలోకి మందులు ఎక్కించారు, పన్ను తీసి చీము వదిలించారు. అయిదో రోజు ఇంటికెళ్ళాడు. పన్ను పీకిస్తే చూపు పోతుందని బెదిరించే మెసేజే, కన్ను మూసుకుపోయేదాకా పన్నును నోట్లో ఉంచమంటోంది. ఇంతకంటే అన్యాయం ఏముంది?

వివరంగా చెప్తాను. చీముకు మూలం పంటి లోపల చచ్చిపోయిన నరం. అక్కడికి రక్తం వెళ్ళదు, రక్తం వెళ్ళని చోటికి యాంటీబయాటిక్ కూడా చేరదు. చుట్టుపక్కల వాపు తగ్గుతుంది, మూలం అలాగే ఉంటుంది. వారం తర్వాతో నెల తర్వాతో మళ్ళీ లేస్తుంది. పన్ను తీయడమో, లోపల శుభ్రం చేయడమో (అదే రూట్ కెనాల్) జరిగితేనే చీముకు దారి దొరుకుతుంది. పన్ను పీకితే విషం పాకడం కాదు, బయటికి పోతుంది.

వాపు ఉన్నచోట తిమ్మిరి మందు సరిగ్గా పట్టదు, అది నిజం. చీము వల్ల అక్కడ ఆమ్లం పెరుగుతుంది, మందు బలం తగ్గుతుంది. అందుకే కొన్నిసార్లు మేమే రెండు రోజులు మందులిచ్చి తర్వాత పన్ను తీస్తాం. అది పిల్లవాణ్ణి చూసిన డాక్టర్ తీసుకోవాల్సిన నిర్ణయం. బయటి నుంచి బుగ్గ మీద వేడి పెడితే చీము చర్మం వైపు రావచ్చు. ఆస్పిరిన్ పంటి మీద పెడితే నయం కాదు, చిగురు కాలి తెల్లగా పొర లేస్తుంది. పైగా పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు. వైరల్ జ్వరం ఉన్న పిల్లల్లో అది మెదడును, కాలేయాన్ని దెబ్బతీసే రై సిండ్రోమ్‌కు దారితీయవచ్చు, రక్తం గడ్డకట్టడాన్నీ తగ్గిస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ళ కోసం తెచ్చిన నిమెసులైడ్ అనే నొప్పి మందు కూడా వద్దు. పన్నెండేళ్ళ లోపు పిల్లలకు దాన్ని మన దేశంలో 2011లోనే నిషేధించారు. నొప్పికి పారాసిటమాల్ చాలు, కిలో బరువుకు 15 మిల్లీగ్రాముల చొప్పున, ఆరు గంటల తేడాతో. సీసా మీద అంకె చూసి పోయండి. అదే 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములు ఉన్న సిరప్ ఉంటుంది, 250 ఉన్నదీ ఉంటుంది.

జ్వరంతో బుగ్గ వాచినా, వాపు కంటిదాకా వచ్చినా, దవడ కింద మెడ వైపు గట్టిపడినా, నోరు తెరవలేకపోయినా, లాలాజలం మింగలేక కారుస్తున్నా, ఊపిరికి ఇబ్బంది పడుతున్నా తెల్లారేదాకా ఆగకండి. దంత క్లినిక్ తెరిచేదాకా కూడా ఆగకండి, ఎమర్జెన్సీ ఉన్న హాస్పిటల్‌కు వెళ్ళండి. కింది పళ్ళ చీము మెడలోకి దిగితే ఊపిరి దారి మూసుకుపోతుంది.

వాపు లేకుండా చిగురు మీద చిన్న పొక్కు మాత్రమే ఉండి, నొప్పి కూడా లేకపోతే? "నొప్పి లేదుగా" అని నెలల తరబడి వదిలేస్తారు. చీము ఆ పొక్కులోంచి బయటికి పోతోంది కాబట్టే నొప్పి లేదు. కింద తయారవుతున్న కొత్త పన్ను ఆ చీములోనే పెరుగుతోంది. చివరికి పసుపు, గోధుమరంగు మచ్చలతో, గుంటలు పడి రావచ్చు.

ఏడో పాయింటు: "డబ్బు కోసం పాలపళ్ళకు కూడా రూట్ కెనాల్ చేస్తున్నారు." ఇది చదివి మా వృత్తివాళ్ళు కోపం తెచ్చుకుంటారు. నేను ఒప్పుకుంటాను. అందరూ కాదు, కానీ జరుగుతోంది. ఇంకో ఆరు నెలల్లో ఊడిపోయే పన్నుకు రూట్ కెనాల్ చేసి క్యాప్ వేసిన కేసులు నా దగ్గరికి వచ్చాయి. వేరు చాలా భాగం కరిగిపోయిన పన్నుకు అది అక్కర్లేదు. కాబట్టి నిలదీసి అడగండి. ఈ పన్ను మామూలుగా ఏ వయసులో ఊడుతుంది? ఎక్స్‌రేలో వేరు ఎంత మిగిలింది? కింది పన్ను ఎంత దూరంలో ఉంది? పీకేస్తే ఏమవుతుంది, ఉంచితే ఏమవుతుంది? జవాబు చెప్పకుండా విసుక్కునే డాక్టర్ దగ్గర్నుంచి లేచి వచ్చేయండి. ఈ పాయింటు ఒక్కటే పంపి ఉంటే నేనే పది మందికి ఫార్వర్డ్ చేసేదాన్ని.

మీరు చెప్పాల్సినవి కూడా ఉన్నాయి. పిల్లలకు గుండెలో పుట్టుకతో లోపం ఉన్నా, చిన్న గాయానికే రక్తం ఆగకపోయినా, ఇంట్లో ఎవరికైనా అలాంటి జబ్బు ఉన్నా కుర్చీ ఎక్కించకముందే చెప్పండి. కొన్ని గుండె జబ్బులున్న పిల్లలకు పన్ను తీసే గంట ముందు యాంటీబయాటిక్ ఇవ్వాలి. తీశాక అరగంట దూదిని గట్టిగా కొరికి పట్టుకోవాలి. ఆ రోజు ఉమ్మకూడదు, పుక్కిలించకూడదు, స్ట్రాతో తాగకూడదు. ఉప్పు నీళ్ళు మర్నాటి నుంచి.

నిన్న పొద్దున పెద్దమ్మకు ఫోన్ చేసి ఇవన్నీ చెప్పాను. అంతా విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "మా ఇంట్లో చిన్నదానికి కింద చిగురు మీద ఒక పొక్కు ఉందే. నెలైంది. నొప్పి లేదంటోందని ఊరుకున్నాం" అంది. "రేపు పదింటికి తీసుకురా పెద్దమ్మా, ఇంకో రోజు ఆగొద్దు" అన్నాను. ఇవాళ వచ్చారు. ఎక్స్‌రే తీశాం. పాలపన్ను తీసేశాను, ఆ చోట వైరు పెట్టడానికి కొలత తీసుకున్నాను. తిమ్మిరి వదిలేదాకా పెద్దమ్మ దాని పక్కనే కూర్చుని పెదవి నమలకుండా చూసుకుంది.