నీళ్లు కలిపితే వంద శాతం పోతుందా?

2024 జూన్‌లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఒక ఆదేశం ఇచ్చింది. కాన్సన్‌ట్రేట్‌లో (నీళ్లు ఆవిరి చేసి చిక్కబరిచిన రసంలో) నీళ్లు కలిపి తయారుచేసే జ్యూస్ డబ్బాల మీద, వాటి ప్రకటనల్లో '100 శాతం పండ్ల రసం' అన్న మాట తీసేయమంది. ముందే అచ్చయిన ప్యాకింగ్ వాడుకోవడానికి మొదట సెప్టెంబరు 1 దాకా, తర్వాత డిసెంబరు 31 దాకా గడువిచ్చింది. ఈ వాదనలో మామ చిత్తూరు వైపు పల్ప్ (పండ్ల గుజ్జు) ఫ్యాక్టరీ నడుపుతూ సొంత పేరుతో జ్యూస్ కూడా అమ్మే మనిషి. మేనకోడలు తిరుపతిలో డైటీషియన్. మనుషులు కల్పితం, లెక్కలు మాత్రం నిజం.

మామ: ఏం పాపా, నీళ్లు కలిపితే రసం రసం కాకుండా పోతుందా? యాపిల్ రసంలో నీళ్లు చాలావరకు ఆవిరి చేసి చిక్కబరుస్తారు. లారీ కిరాయి కలిసొస్తుంది, సరుకు నిలవుంటుంది. ప్యాక్ చేసేటప్పుడు పోయిన నీళ్లే మళ్లీ పోస్తాం. చక్కెర పలుకు కూడా వెయ్యం. ఇందులో మోసం ఎక్కడుంది?

కోడలు: రసం కాదని ఎవరన్నారు మామా? పేరు పక్కన 'రీకాన్‌స్టిట్యూటెడ్', అంటే మళ్లీ నీళ్లు కలిపి చేసింది అని రాయమన్నారు, అంతే. అది 2011 నిబంధనల్లో ఉన్నదే. మీరు ఆ మాటను మూలకు తోసి '100' అంకెను ముందుకు తెచ్చారు. డబ్బా వెనక్కి తిప్పండి. ఏది ఎక్కువ బరువుంటే అది ముందు రాయాలి కాబట్టి మొదటి పదార్థం 'నీరు' అని ఉంటుంది. రసం చిక్కదనాన్ని, అంటే అందులో కరిగిన చక్కెర శాతాన్ని, బ్రిక్స్‌లో కొలుస్తారు. 70 బ్రిక్స్ యాపిల్ కాన్సన్‌ట్రేట్ కిలోకి ఐదు కిలోల నీళ్లు పోస్తే గానీ మామూలు రసంలా 11.5కి రాదు. ముందు వైపు వంద, వెనక వైపు ఆరో వంతు. చదివే తల్లి దేన్ని నమ్మాలి?

మామ: ఆ తల్లికి వంద అంటే వేరే ఏమీ కలపలేదని అర్థం. అది నిజమే కదా! కాన్సన్‌ట్రేట్ నుంచి చేశామని పేరులో రాస్తే అమెరికాలో '100 శాతం జ్యూస్' అని అమ్ముకోనిస్తారు. అక్కడ లేని తప్పు ఇక్కడ ఎలా వచ్చింది?

కోడలు: మన నిబంధనల్లో అసలు '100 శాతం' అని చెప్పుకునే వీలే లేదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాదన. ఇంకోటి చెప్తా వినండి. కలిపిన తీపి కిలోకి 15 గ్రాములు దాటితేనే 'స్వీటెన్డ్ జ్యూస్' అని రాయాలి. అంతకు లోపు వేసినవాడు ఆ మాట రాయక్కర్లేదు. వాడూ వంద అనేస్తే? నా దగ్గరికొచ్చే తల్లులు, "కూల్‌డ్రింక్ మాన్పించేశామండీ, వంద శాతం జ్యూసే ఇస్తున్నాం" అంటారు, ఏదో పుణ్యం చేసినట్టు. 200 మిల్లీలీటర్ల యాపిల్ రసంలో చక్కెర 20 గ్రాములుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని కూడా కలిపిన చక్కెరతో పాటే 'ఫ్రీ షుగర్స్' కింద లెక్కేస్తుంది.

మామ: చక్కెర గొడవ వేరు, పేరు గొడవ వేరు. అయినా మీరు పట్టుకున్నది ఎవర్ని? రసం తప్ప ఇంకేమీ వెయ్యనివాణ్ని. పక్కనే 'ఫ్రూట్ డ్రింక్' వాణ్ని చూడు. పది శాతం రసం ఉంటే చాలు, నిమ్మకైతే ఐదే. మిగతాదంతా నీళ్లు, చక్కెర. డబ్బా మీద మాత్రం చెట్టు నుంచి అప్పుడే కోసినట్టు మామిడికాయ, పైన మంచు బిందువులు. ఆ బొమ్మ వంద శాతం కనిపించట్లేదా నీకు?

(ఈ మాటకు కోడలి దగ్గర చప్పున జవాబు లేదు. నా దగ్గరా లేదు.)

కోడలు: కనిపిస్తోంది. కొట్టుకెళ్లి దాన్ని కూడా 'జ్యూస్' అనే అడుగుతారు. కానీ అక్కడ చెయ్యలేదు కాబట్టి ఇక్కడా చెయ్యొద్దంటే ఎలా? పేరును తేలిగ్గా వదిలేస్తే ఏమవుతుందో ఓఆర్‌ఎస్ (విరేచనాలైతే తాగించే ఉప్పు, చక్కెర ద్రావణం) దగ్గర చూశాం. పండ్ల పానీయాల పేర్లలో ఆ మూడక్షరాలు పెట్టి మందుల షాపుల్లో అమ్మారు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే 2025 అక్టోబరులో గానీ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడొద్దనలేదు.

మామ: దానికి నేనూ సంతోషించా. విరేచనాలవుతున్న బిడ్డకు తీపినీళ్లు మందని అంటగట్టడం పాపం. కానీ 2022లో 'ఇది డబ్ల్యూహెచ్‌వో చెప్పిన ఓఆర్‌ఎస్ కాదు' అని కింద రాసుకుని ఆ పేరు వాడుకోమన్నది ఎవరు? ఇదే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ. ఈ రోజిచ్చిన కాగితం రేపు ఉంటుందో లేదో తెలియనప్పుడు లక్షలు పోసి ప్యాకింగ్ ఎలా కొట్టించమంటావు? పన్నుల తమాషా చూడు. పది శాతం పండు, గ్యాస్ లేకపోతే జీఎస్టీ 5 శాతం. అదే పండు, గ్యాస్ ఎక్కిస్తే 40. ఆపిల్ రసంలో గ్యాస్ ఉన్నా అది పండ్ల రసం ఆధారిత పానీయమేనని సుప్రీంకోర్టు 2017లో కేరళ వ్యాట్ కేసులో తేల్చింది. 2021లో జీఎస్టీ కౌన్సిల్ దాన్ని తీసుకెళ్లి కోలాల పక్కన కూర్చోబెట్టింది.

కోడలు: బుడగలొచ్చే తీపినీళ్లు కోలాల పక్కన కూర్చుంటే నాకేం బాధ లేదు మామా.

మామ: నీకుండదు, రైతుకుంటుంది. 2025లో తోతాపురి మామిడి కొనే దిక్కులేక కిలో 12 రూపాయలని ప్రభుత్వం తేల్చాల్సి వచ్చింది. ఫ్యాక్టరీ 8 ఇస్తే సర్కారు 4 కలిపింది. కాయలతో నిండిన ట్రాక్టర్లు మా గేటు బయట లైను కట్టాయి. డ్రింకులో పండు పది శాతం చాలని రాసిన చోట ఇరవై అని రాయమను. ఒక్క అంకె మారిస్తే పల్ప్ గిరాకీ ఎంత పెరుగుతుందో లెక్కేసుకో.

కోడలు: ఇరవై చేస్తే మీ పల్ప్ అమ్ముడుపోతుంది, పిల్లాడి నోట్లోకి పోయే చక్కెర మాత్రం పెద్దగా తగ్గదు. నాకు కావాల్సింది డబ్బా ముందు వైపు రెండు అంకెలు. పండు ఎంత శాతం, చక్కెర ఎన్ని గ్రాములు. బొమ్మ ఎంత పెద్దదైతే అంకెలూ అంత పెద్దగా.

మామ: చక్కెర అంకె ముందు వేస్తే ఎవడు కొంటాడు?

కోడలు: అంటే తెలిస్తే కొనరని మీరే ఒప్పుకుంటున్నారు.

మామ: మాట పట్టుకోకు. అందరి చేతా ఒకే రోజు వేయించు, నేనూ వేస్తా. నేనొక్కణ్నే ముందు వేస్తే పక్కవాడి మామిడికాయ బొమ్మే అమ్ముడుపోతుంది.