తాటిచెట్టు కింద ఇంగ్లిష్ ఓడ

నెపోలియన్ ఏలుతున్న ఫ్రాన్స్‌తో బ్రిటన్ యుద్ధం చేస్తున్న రోజులు. 1812 మార్చి 3న బ్రిటిష్ పార్లమెంటులో హెన్రీ బ్రూమ్ అనే సభ్యుడు లేచి ఒక సర్క్యులర్ చదివి వినిపించాడు. లివర్‌పూల్‌లో కొత్తగా కొట్టు తెరిచినవాళ్లు వర్తకులకు పంపుకున్న కాగితం అది. సారాంశం ఇదీ: అయ్యా, ఓడ ఏ దేశానిదో దాచే దొంగ పత్రాలు తయారుచేయడానికే ఈ ఊళ్లో కొట్టు పెట్టాం. అసలు పత్రాలు మా దగ్గర ఉన్నాయి, చూసి దించడమే. మా భాగస్తుడు తన సోదరుడితో కలిసి ఇదే లైన్లో రెండేళ్లు పనిచేశాడు, కావలసిన భాషలన్నీ వచ్చు. ఐరోపాలో ఏ కస్టమ్స్ ఆఫీసులో సంతకం మార్చాల్సి వచ్చినా ఆ కబురు ముందు మాకే అందుతుంది. మా పనితనం గురించి ఫలానా కంపెనీని అడగొచ్చు.

అనుభవం ఉంది, రిఫరెన్సు ఉంది, సర్వీసు గ్యారంటీ ఉంది. మన దగ్గర ఇల్లు కట్టే మేస్త్రీ కూడా ఇంత నమ్మకంగా మాట్లాడడు.

గిట్టనివాళ్లు దీన్ని ఫోర్జరీ అంటారు. ఇది దేశసేవ అని నా గట్టి అభిప్రాయం. శత్రువు, అంటే ఫ్రాన్స్, దగ్గరున్న వైన్ శత్రువుకు బలం. దాన్ని అక్కడినుంచి తరలించి, లండన్ తీసుకొచ్చి, చుక్క మిగలకుండా నాశనం చెయ్యాలి. ఆ నాశనం గొంతు ద్వారా జరిగితే తప్పేమిటి?

ఈ సేవ నెపోలియన్‌తో మొదలవలేదు. 1678లో ఇంగ్లాండ్ పార్లమెంటు ఫ్రెంచి వైన్‌ను నిషేధించింది. వెంటనే లండన్ రేవు లెక్కల్లో పోర్చుగల్ వైన్ వరదలా వచ్చిపడింది. 1685లో నిషేధం ఎత్తేశారు. పోర్చుగల్ వైన్ ఉన్నట్టుండి మాయమైంది, ఫ్రెంచి వైన్ మళ్లీ ప్రత్యక్షమైంది. పాపం, పోర్చుగల్ ద్రాక్షతోటలకు ఆ ఏడు ఏదో తెగులు పట్టి ఉంటుంది. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారని మనకు సామెత. లండన్ కస్టమ్స్‌వారు ఇంకా సంస్కారవంతులు. అక్కడ కల్లు తాగినా పాలేనని రసీదు రాసిచ్చేవారు. 1995లో మద్యనిషేధం వచ్చినప్పుడు యానాం రోడ్డు ఎంత రద్దీగా ఉండేదో గుర్తున్నవాళ్లకు నేను ఇంతకంటే విడమరచి చెప్పనక్కర్లేదు.

తర్వాత స్పానిష్ వారసత్వ యుద్ధం వచ్చింది. ఫ్రాన్స్ మళ్లీ శత్రువు, ఫ్రెంచి వైన్ మళ్లీ అంటరానిది. అయితే యుద్ధంలో పట్టుబడ్డ ఓడల సరుకును వేలం వేసుకోవచ్చు, అది విజయచిహ్నం కదా. కాబట్టి లండన్ గెజిట్‌లో ప్రకటనలు పడేవి, కాఫీహౌసుల్లో పీపాలు వేలానికి వచ్చేవి. ఓ-బ్రియోన్, మార్గో, లాఫిట్ లాంటి పేరున్న తోటల సరుకే మాటిమాటికీ పట్టుబడేది. ఇంత బుద్ధిగా, ఇంత ఎంపికగా ఎలా పట్టుబడ్డాయని కొందరు చరిత్రకారులు అనుమానిస్తారు. అనుమానం పెద్ద జబ్బు.

అదే కాలంలో నౌకాదళ మండలిలో రాబర్ట్ వాల్పోల్ అనే కుర్ర సభ్యుడు ఉండేవాడు. ఫ్రెంచి వైన్ దేశంలోకి రాకుండా సముద్రం కాచే శాఖ అది. ఈయన తన క్లారెట్ (ఎర్ర ఫ్రెంచి వైన్), షాంపేన్‌లను ఆ శాఖ పడవలోనే థేమ్స్ నది మీదుగా దొంగచాటుగా తెప్పించుకున్నాడు. కంచే చేను మేసిందని నొచ్చుకోకండి. పడవ సర్కారుది, తాగేవాడు సర్కారువాడు, ఇందులో ప్రైవేటు వ్యవహారం ఎక్కడుంది? ఈయనే తర్వాత ప్రధాని అయ్యాడు. 1733లో వైన్, పొగాకుల దొంగరవాణా అరికట్టాలని ఎక్సైజ్ బిల్లు తెచ్చాడు. దొంగదారులన్నీ తెలిసినవాడే గదా వాటికి తాళం వెయ్యగలడు. జనం ఒప్పుకోలేదు, బిల్లు పోయింది.

ఇక నెపోలియన్. 1806లో బెర్లిన్ నుంచి హుకుం జారీ చేశాడు: బ్రిటిష్ సరుకు ఐరోపాలో అడుగు పెట్టకూడదు. బ్రిటన్ 1807లో ఎదురు హుకుం ఇచ్చింది: మా అనుమతి లేకుండా ఎవరూ ఫ్రెంచి రేవులకు పోకూడదు. ఇద్దరూ వీధి తలుపులు ధడాలున మూసి, పెరటి తలుపు దగ్గర కూర్చుని టికెట్లు అమ్ముకున్నారు. ఆ టికెట్ పేరు లైసెన్సు. ఒక్క 1810లోనే బ్రిటన్ 18 వేలకు పైగా ఇచ్చింది. అందులో ఉన్న ఒక షరతు మీద ఒక నిమిషం ఆగాలి. ఓడ మీద ఫ్రెంచి జెండా తప్ప ఏ జెండా అయినా ఎగరేసుకోవచ్చట. అంటే అబద్ధమాడడానికి అనుమతి ఉంది, ఏ అబద్ధమన్నది మీ ఇష్టం. ఫ్రెంచివాళ్లమని మాత్రం చెప్పకూడదు, పరువు పోతుంది.

అటు ఫ్రాన్స్‌లోనూ వైన్ అమ్ముడుపోక రైతులు గొడవ పెడుతున్నారు. నెపోలియన్ కూడా లైసెన్సులు తెరిచాడు: వచ్చినవాళ్లు మా వైన్, బ్రాందీ, పట్టు తీసుకెళ్లాలి. పట్టు ఇంగ్లాండ్‌లో నిషేధం. అందుకని వర్తకులు నాసిరకం పట్టు కొని, లెక్క చూపించి, దారిలో సముద్రంలో పారేసేవాళ్లు. వైన్‌ను అలా పారేశారని మాత్రం నేనెక్కడా చదవలేదు.

జెండాల కొరతా రాలేదు. 1803 నుంచి 1806 దాకా ఉత్తర జర్మనీలో క్నిఫౌసెన్ అనే బుల్లి జమీందారీ తటస్థ జెండాకు మహా గిరాకీ. ఆ ప్రాంతంలోనే పాపెన్‌బుర్గ్ అనే కాలువల ఊరు. ఆ ఊరి జెండా కట్టుకున్న ఓడలన్నీ నిజంగా అక్కడివే అయితే, ఊళ్లో చంటిపిల్లల తల్లులు కూడా చుక్కాని పట్టుకోవాల్సి వచ్చేది.

బాల్టిక్ సముద్రంలోనైతే ఇంకా ముచ్చట. అక్కడ వందలాది ఓడలు 'మేం ఇంగ్లిష్‌వాళ్లం కాదు, ఒట్టు' అని రకరకాల జెండాలు ఊపుతూ పోయేవి. వాటికి కాపలా బ్రిటిష్ అడ్మిరల్ సామరెజ్. ఆయన ఎక్కిన ఓడ విక్టరీ, ట్రఫాల్గర్ యుద్ధంలో అడ్మిరల్ నెల్సన్ ఎక్కినదే. వంద ఫిరంగులున్న ఇంగ్లాండ్ యుద్ధనౌకను పక్కన పెట్టుకుని పరాయివాళ్లమని చెప్పడానికి ఎంత గుండెధైర్యం కావాలి!

అన్నిటికంటే చలామణీ అయిన జెండా అమెరికాది. 1807 డిసెంబరులో అమెరికా తన ఓడల్ని విదేశాలకు పోనివ్వకుండా తానే ఆపేసుకుంది. అయినా అమెరికా ఓడలు వస్తూనే ఉన్నాయి. 1808 ఏప్రిల్‌లో నెపోలియన్ ఫ్రాన్స్‌లోని బయోన్ ఊరి నుంచి ఆజ్ఞ ఇచ్చాడు: అమెరికా ఓడ అని చెప్పుకుని వచ్చిందంటే అది ఇంగ్లిష్ ఓడే, పట్టేయండి. అమెరికా చట్టాన్ని అమలు చెయ్యడంలో సాయపడుతున్నానని పైగా వివరణ. ఈ సాయంలో నిజం అమెరికన్లు కూడా కొందరు ఓడలు పోగొట్టుకున్నారు.

చివరికి బ్రిటన్ హుకుంలతో కూడా విసిగిపోయి 1812 జూన్ 18న అమెరికా బ్రిటన్ మీద యుద్ధం ప్రకటించింది. అయిదు రోజులకు బ్రిటన్ తన 1807 హుకుంలను రద్దు చేసింది, కబురు సముద్రం దాటేసరికి ఆలస్యమైపోయింది. నాకు ఇప్పటికీ బెంగ ఆ లివర్‌పూల్ కొట్టువాళ్ల గురించే. బీరువా నిండా అమెరికా సంతకాలు ప్రాక్టీసు చేసిపెట్టుకున్న కాగితాలు ఉండి ఉంటాయి. తెల్లారేసరికి అది శత్రుదేశం. పాపం, ఇప్పుడు వాటిని నిజంగానే అక్రమంగా వాడాలి.