ఛాలెంజ్ ఓటు మీరు వేసేది కాదు బాబూ

ఎన్నికల తేదీ వచ్చిందో లేదో, ఆ మెసేజ్ మళ్లీ లేచి కూర్చుంటుంది. "జాబితాలో పేరు లేదా? ఆధార్ చూపించి సెక్షన్ 49ఏ కింద ఛాలెంజ్ ఓటు వేయండి. మీ ఓటు ఇంకెవరో వేసేశారా? టెండర్ ఓటు అడగండి. టెండర్ ఓట్లు 14 శాతం దాటితే ఆ బూత్‌లో రీపోలింగ్!" కింద రెండు దండాలు, అందరికీ పంపమని ఆర్డరు.

1961 ఎన్నికల నిర్వహణ నియమాల్లో 49ఏ అంటే ఈవీఎం ఎలా ఉండాలో చెప్పే రూలు. ఓటరుకు దాంతో పనిలేదు.

అసలు తంటా ఛాలెంజ్ ఓటుతోనే. ఛాలెంజ్ చేసేది మీరు కాదు, మిమ్మల్ని చేస్తారు. మీరు లోపలికి వెళ్లగానే ఏ పార్టీ ఏజెంటో "ఈయన ఆయన కాదండీ" అని 2 రూపాయలు కడితే అది ఛాలెంజ్. అది 49జె రూలు. అప్పుడు ప్రిసైడింగ్ అధికారి జాబితాలో ఆ పేరున్న వరుస మొత్తం చదివి, "ఇది మీరేనా" అని అడిగి, ఫారం-14లో రాసి సంతకం తీసుకుంటాడు. ఏజెంటు రుజువు చేయలేకపోతే మీరు ఓటేస్తారు. చేస్తే పోలీసులకు అప్పగిస్తారు. కావాలని పెట్టిన పేచీ అని తేలితే ఆ 2 రూపాయలు సర్కారుకు జమ.

మరి పేరే లేనివాడికి ఏ వరుస చదవాలట? ఆధార్, పాన్, పాస్‌పోర్టు దండ గుచ్చి మెడలో వేసుకెళ్లినా 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 62వ సెక్షన్ ఒప్పుకోదు. ఈ మెసేజ్‌ని నమ్మినవాళ్లు ముందుగా జాబితా చూసుకోరు. పోలింగ్ రోజు బూత్‌లో వాదనకు దిగుతారు, వెనక క్యూ ఆగిపోతుంది. అప్పటికి చేసేదేమీ ఉండదు. నామినేషన్ల గడువు ముగిశాక జాబితాలో కొత్త పేరు ఎక్కదు. కొత్తగా పేరు చేర్చమని ఇచ్చే దరఖాస్తు ఫారం-6. దాని పరిశీలనకూ రోజులు పడతాయి కాబట్టి ఇంకా ముందే ఇవ్వాలి.

14 శాతమా? ఏ చట్టంలోనూ లేదు. బూత్‌కి ఇచ్చే టెండర్ బ్యాలెట్లు మామూలుగా 20. వెయ్యి ఓట్లు పోలైన చోట 14 శాతమంటే 140. మిగతా 120 వాట్సాప్‌లో పంపుతారు కాబోలు.

టెండర్ ఓటు మాత్రం నిజం, 49పి. అధికారి అడిగిన ప్రశ్నలకు సరైన జవాబులిచ్చి, ఫారం-17బిలో సంతకం చేస్తే కాగితపు బ్యాలెట్ ఇస్తారు. ముద్ర వేసి, మడిచి ఆయనకే ఇవ్వాలి. ఈవీఎం దగ్గరికి పంపరు. ఆ బ్యాలెట్ ఉన్న కవరు లెక్కింపు రోజున తెరవరు. కోర్టు చెబితేనే. అలాగని వదులుకోకండి. 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో కాంగ్రెస్ నేత సీపీ జోషి అసెంబ్లీ ఎన్నికల్లో ఒక్క ఓటుతో ఓడితే, టెండర్ ఓట్ల గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

ఒకటి ఒప్పుకుంటాను. జనం దీన్ని ఊరికే నమ్మడం లేదు. 2018లో తెలంగాణలో కార్డు చేతిలో ఉండి పేరు గల్లంతైనవాళ్లు కోకొల్లలు. గుత్తా జ్వాల పేరే లేదు. ఎన్నికల ప్రధానాధికారి క్షమాపణ చెప్పారు. క్షమాపణతో ఓటు పడదు కదా. ఆ రోజుకు చట్టంలో మందు లేకపోవడం అన్యాయమే.

పనికొచ్చేదే పంపాలనుంటే ఇది పంపండి: జాబితాలో పేరుండి, ఊళ్లో లేరనో చనిపోయారనో ఏఎస్‌డీ లిస్టులో ఎక్కించినా వెనక్కి రావొద్దు. గుర్తింపు రుజువైతే, 17ఏ రిజిస్టరులో సంతకంతో పాటు వేలిముద్ర కూడా వేసి ఓటేయొచ్చు.