షెవర్ద్‌నాద్జేకు దక్కాల్సిన గౌరవం వేరే ఉంది

ఎడ్వర్డ్ షెవర్ద్‌నాద్జే అనగానే లోకానికి జర్మనీ గుర్తొస్తుంది. రెండు జర్మనీలు ఒక్కటయ్యేందుకు దారి వేసిన 1990 సెప్టెంబర్ 12 నాటి ఒప్పందంపై సోవియట్ తరఫున సంతకం చేసింది ఆయనే. ఆ ఏడాది నోబెల్ శాంతి బహుమతి సోవియట్ అధ్యక్షుడు గోర్బచెవ్‌కు వెళ్లింది. డిసెంబర్‌లో, నియంతృత్వం ముంచుకొస్తోందని హెచ్చరించి షెవర్ద్‌నాద్జే విదేశాంగ మంత్రి పదవి వదిలేశారు. ఇదంతా తెలిసిన కథే. నా దృష్టిలో ఆయన అసలు ఘనత అంతకు పన్నెండేళ్ల ముందుది.

1978లో, అప్పటికి సోవియట్ యూనియన్‌లో ఒక రిపబ్లిక్‌గా ఉన్న జార్జియా కొత్త రాజ్యాంగ ముసాయిదా నుంచి జార్జియన్ భాషకున్న అధికార హోదాను తీసేయబోయారు. ఏప్రిల్ 14న వేలాది విద్యార్థులు రాజధాని టిబిలిసిలోని విశ్వవిద్యాలయం నుంచి రుస్తవేలీ వీధిలోని ప్రభుత్వ భవనానికి కదిలారు. 1956 మార్చిలో ఇదే నగరంలో నిరసనకారులపై సైన్యం కాల్పులు జరిపింది. ఆ నెత్తురు గుర్తున్న తల్లిదండ్రులు ఆ రోజు పిల్లల్ని ఎలా గడప దాటనిచ్చారో!

అప్పుడు రిపబ్లిక్ కమ్యూనిస్టు పార్టీకి షెవర్ద్‌నాద్జే అధినేత. జార్జియాకు సూర్యుడు ఉత్తరం నుంచి, అంటే రష్యా నుంచి ఉదయిస్తాడని రెండేళ్ల కిందటే పార్టీ మహాసభలో పొగిడిన మనిషి. ఆయనే మాస్కోను ఒప్పించి, జనం మధ్యకొచ్చి, మీ భాష హోదా ఎక్కడికీ పోదని ప్రకటించారు. తుపాకీ పేలలేదు. పొరుగున ఆర్మేనియాలోనూ అలాంటి ప్రతిపాదనే వెనక్కి పోయింది. మహా సామ్రాజ్యం ఒక చిన్న భాష ముందు తగ్గింది!

పదవి కాపాడుకోవడానికే అలా చేశారనే వాళ్లున్నారు. తర్వాత స్వతంత్ర జార్జియా పాలకుడిగా అవినీతిని, కరెంటు లేని చలికాలాలను మిగిల్చారనీ, 1993లో అబ్ఖాజియా ప్రాంత రాజధాని సుఖుమి చేజారిందనీ అంటారు. అవి కాదనలేని నిజాలే. 2003 నవంబర్ 2 ఎన్నికల రిగ్గింగ్‌ను ఎవరూ సమర్థించలేరు. కానీ గులాబీలు పట్టుకుని జనం పార్లమెంటులోకి దూసుకొచ్చినప్పుడు అత్యవసర పరిస్థితి విధించి కూడా, నెత్తురు పారకముందే మర్నాడు, నవంబర్ 23న, రాజీనామా చేశారు. పాతికేళ్ల ఎడంలో రెండుసార్లు అదే వీధి, రెండుసార్లూ కాల్పులు లేవు. పదవి కోసమే అయితే రెండోసారి ఎందుకు తగ్గినట్టు?

భాషను ఇంట్లో మాట్లాడుకోండి, ఆఫీసులో మాత్రం మా భాషే అనే ధోరణి ప్రతి పెద్ద రాజ్యంలోనూ ఉంది. హోదా పోయిన భాషకు ముందు ఉద్యోగం పోతుంది, తర్వాత బడి పోతుంది, చివరికి అమ్మే పిల్లలతో ఆ భాషలో మాట్లాడ్డం మానేస్తుంది. 33 అక్షరాల సొంత లిపి ఉన్న జార్జియన్‌కు ఆ గతి పట్టలేదంటే, ఆ విద్యార్థుల తెగువ మొదటి కారణం. వాళ్ల మాట విన్న పాలకుడు రెండో కారణం.

జార్జియాలో ఏప్రిల్ 14 ఇప్పుడు మాతృభాషా దినం. షెవర్ద్‌నాద్జే 2014 జూలై 7న కన్నుమూశారు. క్ర్‌త్సానిసిలోని ఇంటి ఆవరణలో, భార్య నానులి పక్కనే ఆయన్ను ఖననం చేశారు. మాతృభాషా దినాన విద్యార్థుల సాహసంతో పాటు ఆయన పేరునూ పిల్లలకు చెప్పాలి.