వైరస్ వంశవృక్షంలో దోషిని వెతకొద్దు

ఒక దేశంలో హెచ్‌ఐవీ ఎలా పాకిందో ఆ వైరస్ జన్యువుల ద్వారా తేల్చారని వార్త వస్తే చాలు, చదివినవాళ్లు ముందు అడిగేది ఒక్కటే: "ఇంతకీ ఎవడు తెచ్చాడు?" ఈ ప్రశ్న వింటే నాకు ఒళ్లు మండుతుంది.

ఈ వైరస్ తనకు తాను నకళ్లు తీసుకునేటప్పుడు బోలెడు తప్పులు చేస్తుంది, వాటిని దిద్దుకోదు. అందుకే ఒక్క మనిషి ఒంట్లోనే కొన్నేళ్లకు చిన్నచిన్న తేడాలున్న వైరస్‌ల మంద తయారవుతుంది. రెండు రకాలు ఒకే కణంలో చేరితే వాటి ముక్కలు అతుక్కుని ఇంకో రకం పుడుతుంది. భారత్‌లోనూ ఆఫ్రికా దక్షిణ దేశాల్లోనూ సి ఉపరకం ఎక్కువ, అమెరికాలో బి. కామెరూన్‌లోనైతే లెక్కలేనన్ని రకాలు. ఈ తేడాలను పక్కపక్కన పెట్టి వంశవృక్షం గీస్తారు, ఏ కొమ్మ సుమారుగా ఎప్పుడు చీలిందో లెక్కగడతారు. మహమ్మారి వేళ్లు ఆఫ్రికాలో, కాంగో దేశంలోని 1920ల నాటి కిన్షాసాలో ఉన్నాయని తెలిసింది ఇలాగే.

ఆ చెట్టు నిజంగా ఏం చెప్పిందో చూడండి.

గేటాన్ డుగా అనే కెనడా విమాన ఉద్యోగి ఉండేవాడు. 1984లో అచ్చయిన ఒక అధ్యయనంలో 10 నగరాల్లోని 40 మంది ఎయిడ్స్ రోగులను, ఎవరు ఎవరితో లైంగికంగా కలిశారో చూపే గీతలతో కలిపిన బొమ్మ ఉంది. దాని నడిమధ్యలో ఆయన. కాలిఫోర్నియా బయటివాడని గుర్తుగా వేసిన 'ఓ' అక్షరాన్ని సున్నా అనుకున్నారు. అంతే, 'పేషెంట్ జీరో', అంటే అమెరికాకు ఈ రోగం తెచ్చిన మొదటివాడు అయిపోయాడు. అన్ని గీతలు ఆయన దగ్గరికే ఎందుకు చేరాయి? అధికారులు అడిగితే తనతో గడిపినవాళ్ల పేర్లు గుర్తు తెచ్చుకుని మరీ చెప్పాడు కాబట్టి! సాయం చేసినందుకు దక్కిన ఫలితం అది. ఆ ఏడాదే చనిపోయాడు. 1970ల నాటి రక్తనమూనాల్లోని వైరస్‌ను చదివి, అది 1970 ప్రాంతంలోనే న్యూయార్క్ చేరిందనీ, డుగా వైరస్ ఆ చెట్టు మొదట్లో లేనే లేదనీ తేల్చేసరికి 2016 వచ్చింది.

లిబియాలోని బెంఘాజీ సంగతి ఇంకా ఘోరం. అక్కడి పిల్లల ఆసుపత్రిలో 400 మందికి పైగా పిల్లలకు హెచ్‌ఐవీ సోకింది. ఆ తల్లిదండ్రుల కడుపుకోత ఎవరూ తీర్చలేనిది. కానీ కావాలనే ఎక్కించారంటూ ఐదుగురు బల్గేరియా నర్సులను, ఒక పాలస్తీనా డాక్టర్‌ను జైల్లో పెట్టి ఉరిశిక్ష వేశారు. వాళ్లు అక్కడికి వచ్చింది 1998 మార్చిలో. ఆ పిల్లల్లోని వైరస్ అంతకు ముందు నుంచే ఆ ఆసుపత్రిలో తిరుగుతోందని 2006 డిసెంబర్‌లో జన్యు విశ్లేషణ చూపించింది. అయినా అదే నెలలో కోర్టు మరణశిక్షను మళ్లీ ఖాయం చేసింది! వాళ్లు బయటపడింది 2007 జూలైలో.

ఇద్దరి వైరస్‌లు దగ్గరగా ఉన్నాయంటే ఒకరి నుంచి ఇంకొకరికి వచ్చిందని కాదు. పరీక్షే చేయించుకోని మూడో మనిషి నుంచి ఇద్దరికీ వచ్చి ఉండొచ్చు.

ఇప్పుడు నా భయం వేరే. ఏ మందు పనిచేస్తుందో తెలుసుకోవడానికి రోగి రక్తం నుంచి తీసిన వైరస్ జన్యు వివరాలనే, ఎవరి వైరస్ ఎవరిదానికి దగ్గరో చూడటానికి వాడుతున్నారు. అమెరికాలో 2018 నుంచి దేశమంతా ఇదే పద్ధతి, రోగిని విడిగా అడగరు. కొత్తగా ఎక్కడ పాకుతోందో కనిపెట్టి అక్కడికి పరీక్షలు, మందులు చేర్చడానికైతే అది అక్కరకొచ్చే పనే, కాదనను. కానీ హెచ్‌ఐవీ సోకించడాన్ని నేరంగా చూసే చట్టాలున్న చోట ఆ వివరాలు పోలీసుల చేతికి పోవని రాతపూర్వకంగా హామీ ఉండాలి. రక్తం తీసే ముందే ఆ మనిషిని కూర్చోబెట్టి, దేనికి వాడతారో తనకు అర్థమయ్యే మాటల్లో చెప్పి, సరేనంటేనే వాడాలి.